రెండు సంఘాల ఏసుమణి

వేసవిలో తెల్లవారుజామున ఉప్పు పండించే కొటారు గట్టు మీద నిలబడితే ఆకాశం ఎక్కడ మొదలవుతుందో తెలియదు. చిన్న చిన్న మడుల్లాంటి కయ్యల్లో పేరుకుంటున్న ఉప్పూ, పైన వెలిసిపోతున్న చుక్కలూ ఒకే రంగులో ఉంటాయి. ఆ తెల్లటి మసకలో గంపలు తలకెత్తుకొని వరసగా నడిచే ఆడవాళ్ళు నేల మీద పోతున్నారో, మబ్బు మీద పోతున్నారో దూరాన్నుంచి చూసేవాళ్ళు చెప్పలేరు. ఆ వరసలో ముందు నడిచే మనిషి ఏసుమణి. తరవాతి కాలంలో నెల్లూరు తీరంలో ప్రెసిడెంటమ్మ అని పిలిపించుకున్నది ఈమే. అప్పటికి మాత్రం ఉత్త ఏసుమణి, గంట కొట్టే జకరయ్య పెళ్ళాం.

అల్లూరుకు తూర్పున, సముద్రానికి ఇవతల, తాటిదిబ్బ అని చిన్న ఊరు. ఊరికి ఒక పక్క హిందువుల ఇళ్ళు, ఇంకో పక్క క్రైస్తవుల పాలెం, ఈ రెంటికీ తూర్పున కొటారు. ఏసుమణి పుట్టిందీ మెట్టిందీ పాలెంలోనే. మిషను బడిలో మూడో తరగతి దాకా చదువుకుంది. నాలుగో తరగతి అల్లూరులో ఉంది, దారిలో ఏరుంది, ఏటికి వంతెన లేదు. అంతటితో చదువు ఆగిపోయింది. నేర్చుకున్న అక్షరాలను మాత్రం ఆమె వదలలేదు. చూపు పోయిన అత్తకు రోజూ సాయంత్రం వాకిట్లో కూర్చొని వాక్యం చదివి వినిపించేది. అత్త వింటూ వింటూ కోడలి జుట్టులో ఇరుక్కున్న ఉప్పు పలుకులు వేళ్ళతో తడిమి తీసేది.

జకరయ్య మెతక మనిషి. ఆదివారం మందిరంలో గంట కొట్టడం అతని పని. మిగతా రోజుల్లో కొటారులో కాలవ తెరిచి కయ్యల్లోకి ఉప్పునీళ్ళు పెట్టేవాడు. ఉప్పులో నడిచి నడిచి ఏసుమణి పాదాలు బీటలు వారేవి. ఇంటికి రాగానే వేణ్ణీళ్ళు పెట్టి, ఆ బీటల్లో ఆముదం రాసేవాడు. వాకిట్లో పోయేవాళ్ళు చూసి నవ్వేవారు.

"పెండ్లాం కాళ్ళు పట్టుకుంటుండావే జకరయ్యా!"

"పట్టుకుంటే ఏమైందిరా? ఆ కాళ్ళు నడిస్తేనే గదా నా పొయ్యి మీద కూడుడికేది," అనేవాడు, తల ఎత్తకుండా.

కొటారులో ఆడవాళ్ళకున్న కష్టాలన్నింటిలోకీ పెద్దది దప్పిక. ఇంటి నుంచి ముంతలో తెచ్చుకున్న మంచినీళ్ళు పొద్దెక్కేసరికి వేడెక్కేవి, ఇంకాస్త ఎక్కేసరికి అయిపోయేవి. మళ్ళీ నీళ్ళు కావాలంటే ఇసుక దిబ్బల అవతల చెలమకు పోయి, ఇసుక తోడి, ఊరిన నీళ్ళు దోసిలితో తాగి రావాలి. అది కూడా మధ్యాహ్నం అన్నం వేళ తప్ప పోకూడదు. అందుకే అక్కడి ఆడవాళ్ళు పని చేసేటప్పుడు తక్కువ మాట్లాడేవారు. మాట్లాడితే నోరెండిపోతుందని.

ఏసుమణికి ఆ రోజుల్లో ఒక కల వచ్చేది. తెల్లటి కయ్యల మీదుగా ఒక ఎద్దులబండి వస్తూ ఉంటుంది. ఎద్దులు తెల్లవి. బండి మీద పీపా. పీపా నిండా మంచినీళ్ళు, కుదుపుకు చిందుతూ ఉంటాయి. చింది పడిన చోటల్లా ఉప్పు మీద పచ్చగడ్డి మొలుస్తుంది. బండి ఆమె దాకా వచ్చేలోపలే మెలకువ వచ్చేది. నాలుక పొడిగా ఉండేది. "మళ్ళీ ఆ బండేనా?" అని జకరయ్య లేచి, కడవలో నీళ్ళు ముంచి ఇచ్చేవాడు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ రెండో ఏట, ఎండలు ముదురుతున్న రోజుల్లో, చెంచురామయ్య అనే ఆయన నెల్లూరి నుంచి ఆ దారిన వచ్చాడు. ఖద్దరు చొక్కా, సన్నటి మనిషి. సైకిలు టైరులో ముల్లు గుచ్చుకొని గాలి పోతే ఇసుకలో నెట్టుకుంటూ వస్తున్నాడు. గట్టు మీద కనపడిన ఏసుమణిని కాసిని నీళ్ళు అడిగాడు. ఆమె ముంతలో అడుగున ఉన్నవి ఇచ్చింది. ఆయన తాగేసిన తరవాత ముంత వంచి చూసుకున్నాడు.

"అయ్యో, అన్నీ తాగేశానే. నువ్వేం తాగుతావమ్మా?"

"ఇంటికి పోయినాక తాగుతాలేయ్యా."

ఆయన కయ్యల వైపు చూశాడు, గంపల వరస వైపు చూశాడు. "ఇంతమంది ఉన్నారే, మీకు సంఘం లేదా?" అని అడిగాడు.

ఏసుమణి ముఖం విప్పారింది. "లేకేమయ్యా! మా తాతల కాలం నాటి సంఘం."

"ఔనా! మాకు తెలియనే తెలియదే. సభ్యులు ఎంతమంది?"

"పాలెమంతా సభ్యులే. చిన్నబిడ్డల్ని చేర్చుకోరు. తెలివొచ్చి, ఒప్పుకొని, నీళ్ళలో మునిగితేనే."

చెంచురామయ్య ఒక్కో తీరంలో ఒక్కో ఆచారం ఉంటుంది కాబోలు అనుకున్నాడు. "సరే. వచ్చే ఆదివారం వస్తాను. సంఘంలో అందరినీ పిలువు. నాలుగు మంచి మాటలు చెప్తాను."

ఏసుమణి సంతోషంగా ఇంటికి పోయి, నెల్లూరి నుంచి వాక్యం చెప్పడానికి ఎవరో పెద్దమనిషి వస్తున్నాడని పాలెమంతా చెప్పింది.

ఆదివారం ఆరాధన అయ్యాక దిబ్బ మీద తాటిచెట్ల నీడన చాపలు పరిచారు. ఆడవాళ్ళు తెల్లచీరలతో, చేతుల్లో పాటల పుస్తకాలతో వచ్చి కూర్చున్నారు. చెంచురామయ్య రాగానే లేచి నిలబడి ఒక పాట పాడారు. ఆయనకు ఎర్రజెండా పాటలు తెలుసు గాని ఈ పాట తెలియదు. అయినా మర్యాదకు నిలబడే ఉన్నాడు. తరవాత గొంతు సవరించుకొని మొదలుపెట్టాడు.

"అమ్మలారా, మనమంతా ఒకటి కావాలి."

"ఆమేన్," అన్నారు అందరూ.

ఆయన ఒక్క క్షణం ఆగి, మళ్ళీ అందుకున్నాడు. "ఎండలో మీరు పడే కష్టం ఎవరికి తెలుసు?"

"ప్రభువుకు తెలుసయ్యా," అంది ముందు వరసలో ముసలమ్మ ఒకతె.

"ప్రభువుకు తెలుసు సరే, కొటారు షావుకారుకు తెలియాలి గదా!"

ఎవరూ ఆమేన్ అనలేదు. ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఏసుమణి మెల్లగా లేచి నిలబడింది. "అయ్యా, తప్పుగా అనుకోబాక. ఇది ఏ సంఘం?"

"ఉప్పు కార్మికుల సంఘమమ్మా. ఏ సంఘమనుకున్నారు?"

సంగతి అర్థమయ్యేసరికి చాపల మీద నవ్వు ఒక మూల మొదలై ఇంకో మూల దాకా పాకింది. చెంచురామయ్య అందరికంటే ఎక్కువ నవ్వాడు. "నీళ్ళలో మునగాలన్నప్పుడే నాకు అనుమానం తట్టి ఉండాల్సింది," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. నవ్వు ఆగాక ఏసుమణి అంది: "ఉప్పు సంఘమైతే పెంచలమ్మా వాళ్ళు లేకుండా ఏం సంఘమయ్యా? కొంచెం కూర్చోండి, పిలచకొస్తా."

పెంచలమ్మ ఊరి పక్క మనిషి. రూపాయంత బొట్టు, రాగి చెంబు మోగినట్టు గొంతు. ఏసుమణితో ఒకే వరసలో గంప మోసేది. కొటారులో ఎంత కలుపుగోలుగా ఉన్నా, ఊరి పక్కవాళ్ళు పాలెం వాళ్ళ ముంత ముట్టేవారు కాదు. ఏసుమణి వాకిట్లో నిలబడి పిలిచింది.

"సంఘమా? నన్ను గూడా నీళ్ళలో ముంచుతారా ఏంది వదినా? నాకు జలుబు," అంది పెంచలమ్మ లోపలినుంచి.

"ఈ సంఘంలో ముంచేది లేదు వదినా. తాగడానికి నీళ్ళు అడిగేదే."

"అట్టయితే వస్తుండా పద. యాడ?"

ఆ సాయంత్రమే సంఘం ఏర్పడింది. ప్రెసిడెంటు ఎవరని చెంచురామయ్య అడిగితే, వెనక నిలబడ్డ మగవాళ్ళు ఒకరినొకరు ముందుకు తోసుకున్నారు. పెంచలమ్మ చెయ్యెత్తింది. "ఉన్న నీళ్ళన్నీ దారినపోయే మనిషికి పోసేసి, నోరెండబెట్టుకొని గంప మోసినామె ఈడే కూర్చోనుంది. మనకు కావాల్సింది నీళ్ళు. ఈమెను గాక ఇంకెవుర్ని పెడతారు?"

ఆడమనిషి ప్రెసిడెంటు కావడం ఆ తీరంలో అంతకు ముందు ఎవరూ వినలేదు. చెంచురామయ్య కూడా తన తిరుగుళ్ళలో ఎక్కడా చూడలేదట. ఏసుమణికి ఏం చెయ్యాలో తోచక, తనకు తెలిసిన పని చేసింది. కళ్ళు మూసుకొని ప్రార్థన చేసింది. పెంచలమ్మ మాత్రం కళ్ళు తెరిచే పెంచలకోన నరసింహస్వామికి దండం పెట్టుకుంది. "ఇద్దరికీ చెప్పినాం. ముందు ఎవరికి వినపడితే వాళ్ళు చూసుకుంటారులే," అంది. ఆ పద్ధతే అక్కడ స్థిరపడిపోయింది.

కొటారులో మేస్త్రీ పాలెం మనిషి సంజీవరావు. మందిరంలో ఆయనే సంఘపెద్ద. చెడ్డవాడు కాడు. తల్లిలేని పిల్లలు ఇంటి ముందుకొస్తే అన్నం పెట్టకుండా పంపేవాడు కాదు. కానీ నెల్లూరిలో ఉండే షావుకారంటే భయం. తన కింద పనిచేసే ఆడమనిషి నలుగురిని వెంటేసుకొచ్చి నీళ్ళు కావాలని నిలబడటం ఆయనకు మింగుడుపడలేదు. కొటారులో ఏమీ అనలేకపోయాడు. మందిరంలో అన్నాడు.

సంఘపెద్దల కూటంలో లేచి నిలబడి, "సంఘమంటే ప్రభువు శరీరం. ఒక మనిషి రెండు శరీరాల్లో ఎట్టా ఉంటాడు? ఈమె రెండు సంఘాల మనిషైంది. ఏదో ఒకటి వదులుకోమనండి," అన్నాడు.

మందిరం పాదిరి జీవానందం అయ్యగారు ముసలాయన, మెత్తని మనిషి. ఏసుమణిని పిలిపించారు.

"మంచినీళ్ళు అడగడం పాపమా అయ్యగారూ?"

"పాపం కాదమ్మా."

"మరి?"

అయ్యగారు నేల చూపులు చూశారు. "పెద్దల మాట నేను కాదనలేకపోయానమ్మా. ఆ ప్రెసిడెంటు పని వదిలిపెట్టిందాకా నువ్వు బల్లకు దూరంగా ఉండు."

ప్రభువు భోజనాన్ని పాలెం వాళ్ళు బల్ల అంటారు. నెల మొదటి ఆదివారం మందిరంలో బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, రొట్టె విరిచి, పళ్ళెంలో పెట్టి వరసల మధ్య తిప్పుతారు. ఒకే రొట్టె తిన్నవాళ్ళు ఒకే ఇంటివాళ్ళు. పాలెంలో దెబ్బలాడుకున్నవాళ్ళు కూడా బల్ల ఆదివారానికి ముందు పోయి ఒకరినొకరు పలకరించుకునేవారు. బాప్తిస్మం పొందిన నాటి నుంచి ఏసుమణి ఒక్క నెల కూడా బల్ల తప్పలేదు. అయ్యగారి మాట విని ఇంటికొచ్చి గడపలో కూర్చుండిపోయింది.

"వదిలేస్తావా?" అన్నాడు జకరయ్య.

"దేన్ని?"

జకరయ్య వేణ్ణీళ్ళు పెట్టడానికి లేచాడు.

మొదటి ఆదివారం వచ్చింది. ఏసుమణి చివరి చాప మీద కూర్చుంది. సంజీవరావు చేతిలో పళ్ళెం వరసలన్నీ తిరిగి ఆమె ముందుకు వచ్చింది. తల వంచుకుంది. పళ్ళెం జరిగిపోయింది. గంట కొట్టి వచ్చి పక్కన కూర్చున్న జకరయ్య కూడా తల వంచుకున్నాడు. అతని ముందు నుంచీ పళ్ళెం జరిగిపోయింది.

"నీకెవరు వద్దన్నారు?" అంది ఏసుమణి గుసగుసగా.

"నువ్వు తినకుండా నేనెప్పుడన్నా తిన్నానా?" అన్నాడు.

బల్ల సిద్ధం చేసేది అయ్యగారి భార్య ఎలిశబెతమ్మ. ఆ నెలా, ఆ తరవాత ప్రతి నెలా, పళ్ళెంలో రెండు ముక్కలు మిగిలేవి. "లెక్క తప్పుతోందా అమ్మగారూ?" అని ఎవరైనా అడిగితే, "తప్పలేదు. రావాల్సినవాళ్ళు ఉన్నారు," అని నెమ్మదిగా చెప్పి గుడ్డ మడతపెట్టేది.

ఆ మొదటి నెల ఏసుమణి మందిరం బయటికి వచ్చేసరికి పెంచలమ్మ ప్రహరీ గోడకు ఆనుకొని నిలబడి ఉంది. కొంగులో తాటిముంజలు.

"మీ దేవుడి కాడ నీకు కూడు పెట్టలేదంట గదా? ఇంద, కొంగు పట్టు." పైనుంచి ఆమె కొంగులోకి జారవిడిచింది, చెయ్యి తగలకుండా. అదీ అప్పటి పద్ధతే. ఏసుమణికి కళ్ళలో నీళ్ళూ, పెదాల మీద నవ్వూ ఒక్కసారే వచ్చాయి. అది మొదలు ప్రతి బల్ల ఆదివారం పెంచలమ్మ గోడ దగ్గర ఉండేది. ముంజల కాలంలో ముంజలు, చలికాలంలో తేగలు, ఏమీ లేకపోతే బెల్లంముక్క.

ఏళ్ళు అలా మంచులో నడిచినట్టు నడిచాయి. సంఘం అడిగినవాటిలో కొన్ని వచ్చాయి. పసిబిడ్డలను పడుకోబెట్టడానికి గట్టు మీద తాటాకు పందిరి వేశారు. కాళ్ళు పుండ్లయిన వాళ్ళకు రెండు రోజులు ఉప్పులోకి దిగకుండా గట్టు పని ఇచ్చారు. మంచినీళ్ళ మాట మాత్రం ప్రతి వేసవిలో అడగడమూ, చెలమ ఉంది గదా అని షావుకారు కబురు పంపడమూ మామూలైపోయింది. ఏసుమణి కల మాత్రం ఆగలేదు. బండి వస్తూనే ఉండేది, ఆమె దాకా చేరేది కాదు. చుట్టుపక్కల కొటార్ల ఆడవాళ్ళు ఆమెను చూడటానికి ఇసుకలో నడిచి వచ్చేవారు. ఆమె వాళ్ళ వాకిళ్ళకు పోయి, ముందు బిడ్డల పేర్లు అడిగి, తరవాత సంఘం మాట చెప్పేది.

పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడు పాలెమూ ఊరూ కలిసి ఆమెను మెంబరుగా నిలబెట్టాయి. గెలిచింది. మొదటి సమావేశానికి ఉతికిన చీర కట్టుకొని పోయింది. లోపల పొడుగాటి బల్ల, దాని చుట్టూ కుర్చీల్లో మగవాళ్ళు. ఏసుమణి గోడ పక్కన కింద కూర్చుంది. పంచాయతీ ప్రెసిడెంటు రమణయ్య పెద్ద రైతు, ముక్కుసూటి మనిషి. తల ఎత్తి చూశాడు.

"అదేంది, ఆడ కూర్చున్నావు? లేమ్మా. బల్ల దగ్గరికి రా."

ఆ మాట వినేసరికి ఏసుమణికి దుఃఖం పొంగుకొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. రమణయ్య కంగారుపడ్డాడు. "భయపడబాకమ్మా, ఈడ కరిచేవాళ్ళెవరూ లేరు," అని తానే లేచి ఆమెకు కుర్చీ జరిపాడు.

ఇంటికి రాగానే జకరయ్య ఎదురొచ్చాడు. "ఏమన్నారు?"

"బల్ల దగ్గరికి రమ్మన్నారు."

జకరయ్య చేతిలో చెంబు వదిలేశాడు. "నిజమా! అయ్యగారే పిలిచినారా?"

"పంచాయతీ బల్ల."

"ఓ, అదా," అన్నాడు. కాసేపటికి చెంబు తీసుకొని, "అదీ మంచిదేలే," అన్నాడు.

మరుసటి వేసవి ఎండలు మరీ తీవ్రంగా వచ్చాయి. ఉప్పు బాగా పండింది. రాశులు కొండల్లా లేచాయి. ఒకరోజు పొద్దెక్కిన వేళ, గురవమ్మ అనే పాలిచ్చే తల్లి గంపతో సహా కయ్యలో కూలిపోయింది. నోట్లో పోద్దామంటే ఒక్కరి ముంతలోనూ చుక్క లేదు. ఏసుమణి తన కొంగుతో ఆమె పెదాలు తుడిచింది. కొంగు కూడా ఉప్పగానే ఉంది. ఎవరో చెలమకు పరుగెత్తి, తడిపిన గుడ్డ తెచ్చి నోట్లో పిండేదాకా గురవమ్మ కళ్ళు తెరవలేదు. పందిట్లో ఆమె బిడ్డ ఏడుస్తూనే ఉంది. ఏసుమణి ఆ బిడ్డను ఎత్తుకొని తల్లి పక్కన పెట్టి, లేచి, తన గంపను నేల మీద బోర్లించింది. పెంచలమ్మ తన గంప బోర్లించింది. అలా వరస పొడుగునా గంపలన్నీ బోర్లపడ్డాయి.

చెంచురామయ్య కబురందుకొని వచ్చాడు. సమ్మె సాగింది. ఇళ్ళలో కుండలు తేలికయ్యాయి. ఊరి పక్క నుంచి పాలేనికి గంజి, పాలెం నుంచి ఊరి పక్కకు గెనుసుగడ్డలు పోయేవి. ఎండలో రాశులు ఎవరూ లేకుండా మెరుస్తూ ఉండేవి. కొటారు పక్క పెద్ద కాలవలో పడవలు ఉప్పు కోసం వచ్చి ఆగి ఉన్నాయి.

ఒక మధ్యాహ్నం సముద్రం మీద గాలి ఆగిపోయింది. పడమట ఆకాశం నేరేడుపండు రంగుకు తిరిగింది. దిబ్బ మీద తాటిచెట్ల కింద కూర్చున్న వాళ్ళంతా ఒకేసారి రాశుల వైపు చూశారు. వాన పడితే రాశులు కరిగి ఏటిలో కలుస్తాయి. మామూలుగా వాన మబ్బు కనపడగానే తాటాకు కప్పేది ఈ ఆడవాళ్ళే. ఇప్పుడు కొటారులో ఒక్క మనిషి ఉన్నాడు. సంజీవరావు తలపాగా ఊడిపోయి, తాటాకు మోపులు ఒక్కడే ఈడ్చుకుంటూ రాశుల మధ్య అటూ ఇటూ పరుగెత్తుతున్నాడు. ఒకటి కప్పి రెండోదాని దగ్గరికి పోయేలోపల గాలి మొదటిదాన్ని లేపేస్తోంది.

ఏసుమణి నిలబడింది.

"అమ్మా," అన్నాడు చెంచురామయ్య, "ఇప్పుడు దిగిపోతే ఇన్ని రోజుల సమ్మె పోయినట్టే. ఆలోచించు."

"ఆలోచిస్తానే ఉండానయ్యా. ఈ ఏటి ఎండంతా మా తలకాయల మీద నుంచి ఆ రాశుల్లోకి పోయింది. అది కళ్ళ ముందర కరిగిపోతుంటే కూర్చోలేకుండా ఉండా. ఆ మనిషి చూడు, ముసలోడు, ఒక్కడే." ఒక నిమిషం ఆగి, "నీళ్ళు వదులుకోనూ లేను. ఏం చేసేది వదినా?" అని పెంచలమ్మ వైపు తిరిగింది.

పెంచలమ్మ అప్పటికే చీర దోపుకుంటోంది. "ఏం చేసేదేముంది? పోయి కప్పుదాం. కప్పినాక విప్పాల్సింది ఎవురు? మనమే గదా!"

ఒక్క క్షణం ఎవరికీ అందలేదు. అందాక దిబ్బంతా నవ్వింది. గాలితో పాటు ఆడవాళ్ళు దిబ్బ దిగారు. చెంచురామయ్య కూడా పంచె ఎగగట్టి, చెప్పులు వదిలేసి వాళ్ళ వెనక పరుగెత్తాడు. ఎవరో తాటాకు అందిస్తుంటే ఎవరో పరుస్తున్నారు, ఎవరో తాడు లాగుతున్నారు. ఉప్పు మీద వాన మొదటి చినుకులు పడేసరికి రాశులన్నీ గోధుమరంగు గుడిసెల్లా కప్పబడి ఉన్నాయి. వాన చాలాసేపు కురిసింది. అందరూ నిలబడి, ముఖాలెత్తి నోళ్ళు తెరుచుకున్నారు. కొటారులో మంచినీళ్ళు కడుపునిండా తాగడం చాలామందికి అదే మొదలు.

తడిసి ముద్దయిన సంజీవరావు ఏసుమణి దగ్గరికి వచ్చాడు.

"పడవలు కాసుకోనున్నాయి. వాన తగ్గినాక ఆకు తీస్తారా చెల్లా?"

"మంచినీళ్ళు తాగినాక తీస్తామన్నా."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. కప్పిన రాశుల వైపు చూశాడు. రాశుల పక్కనే గొంతుక్కూర్చుని కొంగులు పిండుకుంటున్న ఆడవాళ్ళ వైపు చూశాడు. మరునాడు పొద్దున్నే తలపాగా చుట్టుకొని నెల్లూరికి బయలుదేరాడు. షావుకారు ఎదుట ఎన్నడూ నోరెత్తని మనిషి అక్కడ ఏం మాట్లాడాడో ఎవరికీ తెలియదు.

ఆయన తిరిగి వచ్చిన రోజు తెల్లవారుజామున ఉక్కతో పొగమంచులాంటి ఆవిరి పట్టి ఉంది. ఏసుమణి గట్టు మీద నిలబడి ఉంది. కయ్యల అంచున, తెల్లటి మసకలో, ఏదో కదిలింది. ఎద్దులబండి. బండి మీద పీపా. నీళ్ళు చిందుతున్న చప్పుడు. ఆమె కదలలేదు. కదిలితే మెలకువ వస్తుందని భయం. బండి ఆగలేదు. దగ్గరికి, ఇంకా దగ్గరికి వచ్చి, ఆమె ముందు నిలిచింది. కాడి పక్కన సంజీవరావు.

"ఏమ్మే అట్టా చూస్తుండావు?" అంది పెంచలమ్మ.

"కలలో ఎద్దులు తెల్లవి వదినా. ఇవి మచ్చలవి."

"తాగేది ఎద్దుల్నా, నీళ్ళనా?"

ఇక రోజూ బండి పంపడానికి షావుకారు ఒప్పుకున్నాడని చెప్పాడు సంజీవరావు. తొందరలో ఒక్క లోటానే తెచ్చాడు. నింపి ఏసుమణికి ఇచ్చాడు. అందరూ చూస్తున్నారు. ఒక్క లోటా, ఊరూ పాలెమూ. ఏసుమణి తాగింది. తాగి, ఏం చెయ్యాలో తెలియక లోటాను చేతిలోనే పట్టుకుంది. పెంచలమ్మ ముందుకు వచ్చి, ఆ లోటాను ఆమె చేతిలోంచి లాక్కుంది.

"ప్రెసిడెంటు తాగింది గదా, ఇంకా పట్టుకొని కూర్చుంటే ఎట్టా? నాకు దప్పికగా ఉంది," అని నింపుకొని, పెదవి ఆనించి తాగింది. తరవాత వెనక నిలబడ్డ మనిషికి అందించింది. లోటా అలా వరస చివరిదాకా పోయింది. గురవమ్మ తన వంతు రాగానే వేళ్ళు తడుపుకొని బిడ్డ పెదాలకు రాసింది. ఆ తరవాతే ఆడవాళ్ళు రాశుల మీద ఆకు విప్పారు.

ఆ వారం చివర బల్ల ఆదివారం వచ్చింది. జకరయ్య గంట కొట్టి వచ్చి, ఏసుమణి పక్కన చివరి చాప మీద కూర్చున్నాడు. సంజీవరావు పళ్ళెం పట్టుకొని వరసలన్నీ తిరిగి వచ్చాడు. ఏసుమణి ఎప్పటిలాగే తల వంచుకుంది. పళ్ళెం జరిగిపోతుందని ఎదురుచూసింది. పళ్ళెం జరగలేదు. దాని అంచున రెండు ముక్కలున్నాయి.

"తీసుకో చెల్లా," అన్నాడు సంజీవరావు, మెల్లగా.

ఆమె తల ఎత్తలేదు. "నేను దేన్నీ వదులుకోలేదన్నా."

"తెలుసు. వదులుకొని ఉంటే ఆ నీళ్ళు నేనూ తాగుండేవాణ్ణి గాదు." ఆయన పళ్ళెం ఇంకాస్త ముందుకు జరిపాడు. పళ్ళెంలో ముక్కలు కదిలాయి. ముందు వరసలో ఎలిశబెతమ్మ వెనక్కి తిరగకుండానే కళ్ళు తుడుచుకుంది. జీవానందం అయ్యగారు బల్ల దగ్గర నిలబడి, పాట మొదలుపెట్టడం మరిచిపోయి ఎదురుచూస్తున్నారు.

ఏసుమణి చెయ్యి చాచింది. బీటలు వారిన ఆ వేళ్ళతో ఒక ముక్క తీసుకుంది. రెండోది జకరయ్య తీసుకున్నాడు. ఇద్దరూ ఒక్కసారే నోట్లో పెట్టుకున్నారు.

అప్పుడు కిటికీలోంచి, మందిరమంతా వినపడేటట్టు, రాగి చెంబు మోగినట్టు ఒక గొంతు పలికింది.

"ఏంది వదినా, పెట్టినారా?"

ఏసుమణి నోట్లో రొట్టె ఉంది. తల మాత్రం ఊపింది.

"అట్టయితే ఈ ముంజలెవరికి?"

మందిరంలో మొదట చిన్నపిల్లలు నవ్వారు, తరవాత ఆడవాళ్ళు, చివరికి అయ్యగారు కూడా. ఏసుమణి రొట్టె మింగి, కొంగుతో ముఖం తుడుచుకొని చెప్పింది:

"మేస్త్రన్నకియ్యి వదినా. ఆయన ఈ పొద్దు అందరికీ పంచి, తాను ఇంకా ఏమీ తినలేదు."

సంజీవరావు ఖాళీ పళ్ళెం చంకలో పెట్టుకొని కిటికీ దగ్గరికి పోయి, రెండు చేతులూ చాచాడు. పెంచలమ్మ ముంజలను పైనుంచి జారవిడవలేదు. ఒక్కొక్కటిగా ఆయన చేతిలో పెట్టింది.